కాలరు కింది చిట్టీ

ఆ లాండ్రీలో ఆమెను అందరూ చిట్టీలమ్మ అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది గాని, పిలిచేవాళ్లు లేక అది అక్కడే ముడుచుకుని పడుకుంది. వచ్చిన ప్రతి బట్టకూ కాలరు లోపలో, నడుము పట్టీ లోపలో వేలెడు తెల్లగుడ్డ ముక్క కుట్టి, దాని మీద చెరిగిపోని సిరాతో నంబరు వేయడం ఆమె పని. ఉతుకూ ఇస్త్రీ అయి వచ్చాక ఆ నంబరును రసీదుతో సరిచూసి, చిట్టీని కత్తెరతో తెంపేసి, బట్టను మడిచి కాగితంలో చుట్టడమూ ఆమె పనే. పద్నాలుగేళ్లుగా కుట్టిందీ ఆమే, తెంపిందీ ఆమే. "కుట్టేదీ నేనే, పీకేదీ నేనే, మధ్యలో లోకమంతా శుభ్రపడిపోతోంది" అని ఒకసారి తనే అంటే ఇస్త్రీ బల్ల దగ్గరి మనిషి పడీపడీ నవ్వాడు. ఆమె నవ్వలేదు. నవ్వాలన్నా ముందు కాస్త నిద్రపోయి ఉండాలి.

ఆమె నిద్రను మింగేసింది ఇంట్లో ఉన్న అత్తగారు. ఆవిడకు డెబ్బై ఆరేళ్లు. మూడేళ్ల కిందట మతిమరుపు మొదలైంది. మొదట కళ్లజోడు ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది, తర్వాత ఇవాళ ఏ వారమో మరిచిపోయింది, ఆ తర్వాత కోడల్ని మరిచిపోయింది. కోడల్ని మరిచిపోయే అత్తగారు దొరకడం కూడా ఒక యోగమే కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. తీరా చూస్తే ఆవిడ మరిచిపోయింది కోడలి మొహాన్నే గాని కోడలి మీద చాడీలను కాదు. రోజూ సాయంత్రం చిట్టీలమ్మ ఇంటికి రాగానే, ఎవరో ఇరుగుపొరుగు మనిషి వచ్చిందనుకుని, మా కోడలు తాళం వేసి పోయిందమ్మా, ఇంకా రాలేదు అని కోడలికే చెప్పుకునేది.

తాళం మాట నిజమే. అత్తగారు రెండుసార్లు ఇల్లు దాటి పోయింది. రెండోసారి బస్సులు తిరిగే పెద్ద రోడ్డు నడిమధ్యన, ఒంటి చెప్పుతో నిలబడి దొరికింది. ఆ మర్నాటి నుంచి చిట్టీలమ్మ పనికి వెళ్లేటప్పుడు ఆవిడకు తిండీ నీళ్లూ అందుబాటులో పెట్టి, పొయ్యి కట్టేసి, బయట తాళం వేసి, తాళంచెవిని దారానికి కట్టి మెడలో వేసుకునేది. అడిగినవాళ్లకు మాత్రం పగలంతా ఒక ముసలామె తోడుంటుందని చెప్పేది. ఆ ముసలామెకు ఒక ఊరు, ఒక కాలి నొప్పి కూడా కల్పించి పెట్టింది. అబద్ధం ఆడితే అతికినట్టుండాలి మరి.

భర్త లారీ నడుపుతాడు. నెలకు రెండుసార్లు వచ్చి రెండేసి రోజులు ఉంటాడు. ఆ రెండు రోజులూ తల్లి పళ్లెంలో పెట్టింది పెట్టినట్టు తిని, పిలిస్తే పలికి, బుద్ధిమంతురాలై కూర్చుంటుంది. "బాగానే ఉంది కదా అమ్మ" అని అతను తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోతాడు. ఆడపడుచు దూరంగా ఉంటుంది, ఫోనులో ఓపిక పట్టు వదినా అంటుంది. ఓపిక అంగట్లో దొరికే సరుకైతే ఆవిడ ఈపాటికి ఒక బస్తా పంపించి ఉండేదేమో గాని, ఇప్పటిదాకా వచ్చినవి మాటలే.

రోడ్డు మీద ఎదురయ్యే ప్రతి మొహమూ చిట్టీలమ్మకు ఎనిమిది గంటలు పడుకుని లేచినట్టే కనిపించేది. అందరి ఇళ్లలోనూ పెద్దవాళ్లు ఉంటారు, అందరూ చక్కగా చూసుకుంటారు, చేతకానిది తనకొక్కదానికే అనుకునేది. పోయిన ఆదివారం అది మరీ ముదిరింది. మధ్యాహ్నం లోపలే మూడోసారి అత్తగారి బట్టలు మార్చి, మూడోసారి గచ్చు తుడిచి లేస్తుంటే నడుం పట్టేసింది. "మీరు పోతే గాని నాకీ చెర వదలదు" అని గట్టిగా అనేసింది. అత్తగారు శ్రద్ధగా విని, "ఎక్కడికి పోవాలమ్మా?" అని అడిగింది. నిమిషం గడిచేసరికి ఆవిడ అంతా మరిచిపోయింది. పడిన చెవికి గుర్తులేదు, అన్న నోటికి మాత్రం గుర్తుండిపోయింది. ఆ రోజు నుంచి చిట్టీలమ్మ అన్నం తింటున్నా నోట్లో ఆ మాటే తగులుతోంది.

గురువారం సాయంత్రం పూట, వారం పొడుగునా తెంపిన చిట్టీలను రేకు డబ్బాలోంచి బల్ల మీద గుమ్మరించి, నంబర్ల వరసన దారానికి గుచ్చుతారు. మళ్లీ వాడుకోవడానికి. ఈ గురువారం నాలుగు గంటల వేళ అలా గుచ్చుతూ ఉంటే, మామూలు చిట్టీకి రెండింతలున్న గుడ్డముక్క ఒకటి చేతికి తగిలింది. దాని మీద నంబరు ఒక్కటే కాదు, అక్షరాలూ ఉన్నాయి.

'ఈ పెద్దాయనకు ఇంటి దారి గుర్తుండదు. కనిపిస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి. దయచేసి కోప్పడకండి.' కింద పది అంకెల ఫోను నంబరు.

చిట్టీలమ్మకు నిన్న మధ్యాహ్నం ఇచ్చి పంపిన బూడిదరంగు కోటు కళ్ల ముందుకు వచ్చింది. కాలరు కింద రెండు చిట్టీలుంటే, రెండోది ఏ పరాయి లాండ్రీవాళ్లో తియ్యకుండా వదిలేసిందనుకుంది. అదే తెల్లగుడ్డ, అదే నల్లసిరా, అదే చోటు. గోనెసంచి మూతి కుట్టినట్టున్న ఆ కుట్లు చూసి, వీళ్లకి కుట్టడమూ రాదు, తియ్యడమూ రాదు అని విసుక్కుని, అక్షరాల వంక చూడనైనా చూడకుండా పట్టుకుని తెంపేసింది. ఇంకెవరి చేతిలో పడినా ఆ ముక్క అలాగే ఉండేది. పద్నాలుగేళ్లు చిట్టీలు తెంపిన చేతిలో పడింది కాబట్టే పోయింది.

షాపు ఫోను తీసి ఆ నంబరు నొక్కింది. ఒక్కసారి మోగీ మోగకుండానే ఎత్తారు.

"దొరికారా?" అన్నాడు అవతలి మనిషి.

జవాబు కోసం ఆగకుండా అతనే ఆయాసపడుతూ చెప్పుకుపోయాడు. తప్పిపోయింది తన మామగారు. రెండు గంటలకు చూస్తే మంచం మీద మనిషి లేడు, కొక్కేనికి కోటు లేదు. ఆసుపత్రి చూశాడు, బస్టాపు చూశాడు, మామగారు వెనకటికి ఉద్యోగం చేసిన పోస్టాఫీసు చూశాడు. చిట్టీలమ్మ తను లాండ్రీ నుంచి మాట్లాడుతున్నానంది. కాలరు కింది గుడ్డ తన చేతిలోనే ఉందని, పొరపాటున తెంపేశానని చెప్పింది.

"చిట్టీ ఉంది కదా, ఎవరో ఒకరు ఫోన్ చేస్తార్లే అన్న ధైర్యంతోనే తిరుగుతున్నానమ్మా ఇంతసేపూ" అన్నాడతను.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. అప్పుడే రసీదు గుర్తొచ్చింది. చొక్కాలకైతే పొట్లం మీద గుచ్చుతుంది గాని, కోట్ల రసీదు పైజేబులో పెట్టడం ఆమె అలవాటు. ఇంట్లో తీసి ఉండకపోతే అది ఇంకా జేబులోనే ఉండాలి. దాని మీద షాపు నంబరు అచ్చువేసి ఉంటుంది. ఆయన ఎవరికంటైనా పడితే వాళ్లు ఇక్కడికే చేస్తారు. "నేను ఫోను దగ్గర్నుంచి కదలను" అని మాటిచ్చింది. మాటిచ్చాక గోడ గడియారం వంక చూసింది.

షాపు అయిదున్నరకు మూసేస్తారు. ఆరు కాకముందే ఇల్లు చేరి ఆమె లైటు వేస్తుంది. అత్తగారికి స్విచ్చు ఎక్కడుందో గుర్తుండదు. చీకటి పడితే తనను వదిలేసి అందరూ వెళ్లిపోయారనుకుని తలుపు దగ్గర చేరి తడుతూ కూర్చుంటుంది. పక్కింటివాళ్లకు ఫోన్ చేసి చూడమందామంటే, వాళ్ల లెక్కలో అక్కడ కాలి నొప్పి ముసలామె ఉంది. అసలు చెప్పినా వాళ్లు ఏం చేస్తారు, తాళంచెవి ఈమె మెడలోనే ఉంది. ఇంటికి పోతే ఇక్కడ ఫోను మోగుతుంది, ఇక్కడ కూర్చుంటే అక్కడ చీకటి పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

షాపు ఓనరు సంగతంతా విన్నాడు. బట్ట పాడైతే ఇంకోటి కొనిస్తాం, మనిషి పోతే ఏం కొనిస్తామని ఒక్క మాట అని, షట్టరు తాళం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. పనివాళ్లూ వెళ్లిపోయారు. చిట్టీలమ్మ ఫోను ముందు స్టూలు మీద కూర్చుని ఆ గుడ్డముక్కను మళ్లీ మళ్లీ చదివింది. ఇంటి దారి గుర్తుండదు. ఫోన్ చేయండి. అంతవరకు అర్థమవుతోంది. అలాంటిదే ఒకటి తను కూడా అత్తగారి జాకెట్టు లోపల కుట్టింది, ఉత్త ఫోను నంబరు. ఎవరో ఇంకొకరు కూడా ఇలా గుడ్డముక్క కత్తిరించుకుని, సూదిలో దారం ఎక్కించుకుని కూర్చుంటారని ఆమెకు ఏనాడూ తట్టలేదు. కాని ఆ చివరి మాట దగ్గర ఆమె చూపు ఆగిపోతోంది. దారిన పోయేవాళ్లు ముసలాయన మీద ఎందుకు కోప్పడతారు?

ఆరయింది. కిటికీ అద్దం నల్లబడింది. ఇంటి దగ్గర ఈపాటికి తలుపు మీద తట్టడం మొదలై ఉంటుంది. రెండుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్లి, రెండుసార్లూ వెనక్కి వచ్చి కూర్చుంది. ఆరుంబావుకు ఫోను మోగింది.

రెండు వీధుల అవతలి మంగలి షాపు అతను. ఒక పెద్దాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడట, జుట్టు కత్తిరించాడట, గడ్డం గీశాడట, పౌడరు కూడా రాశాడట. అంతా అయ్యాక లేవమంటే ఇంకా నా వంతు రాలేదు కదా అంటున్నాడట. కోటు జేబులో మీ రసీదు ఉందమ్మా, ఈయన మీవాడేనా అని అడిగాడు.

"మావాడే" అంది చిట్టీలమ్మ.

ఆ అల్లుడికి చోటు చెప్పి, షట్టరు దించి, పరుగులాంటి నడకతో వెళ్లింది. పెద్దాయన నున్నటి చెంపలతో, మెడచుట్టూ తెల్లగుడ్డతో, సింహాసనం మీద కూర్చున్నంత తీరుబడిగా ఉన్నాడు. కోటు కొక్కేనికి వేలాడుతోంది. మీ అల్లుడు వస్తున్నాడండీ అని చెబితే తల ఊపాడు. "మంచివాడే. కాస్త అరుస్తాడు" అన్నాడు.

మంచివాడు పావుగంటలో వచ్చాడు. యాభై దాటిన మనిషి, చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. హడావుడిలో ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి మామగారి చెప్పు వేసుకొచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మం పట్టుకుని మామగారిని అలా చూస్తూ నిలబడి, తర్వాత బయటి బెంచీ మీద కూలబడ్డాడు. మంగలి అతను పెద్దాయనకు పాత పత్రిక ఒకటి ఇచ్చి, మీ వంతు వచ్చేదాకా చదువుకోమన్నాడు.

చిట్టీలమ్మ కోటు తీసుకుని బయటికి వచ్చింది. సూదీ దారం ఆమె సంచీలో ఎప్పుడూ ఉంటాయి. బెంచీకి రెండో కొసన కూర్చుని, వీధి దీపం వెలుగులో కాలరు ఎత్తి, ఆ గుడ్డముక్కను తిరిగి కుట్టడం మొదలుపెట్టింది. తప్పు తనది, కుట్టి ఇవ్వాల్సిందీ తనే. కాని మనసు ఇంటి మీదే ఉండి రెండు కుట్లు పక్కకు పోయాయి.

"నేను త్వరగా పోవాలన్నయ్యా. మా అత్తగారిని లోపల పెట్టి తాళం వేసి వచ్చాను" అంది. ఇన్నాళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఇప్పుడతని మొహం ఎలా మారుతుందో చూడాలని తలెత్తింది.

మొహం ఏమీ మారలేదు. అతను చొక్కా పై గుండీ విప్పి, మెడలోంచి ఒక దారం లాగాడు. దాని చివర తాళంచెవి ఉంది.

"నేనూ రోజూ వేసే పోతానమ్మా. ఇవాళ ఒక్కరోజే వెయ్యలేదు."

తను కరెంటు పనులు చేస్తానని, భార్య ఆసుపత్రిలో నర్సు అని, పగలంతా మామగారు తన మీదే అని చెప్పాడు. ఇల్లరికం వచ్చినవాడు కాబట్టి, మామగారింట్లో ఉంటూ ఆయన్ని చూసుకుంటే అరిగిపోతాడా అని అందరి మాటా. నిన్న పిన్నత్తగారు ఒకావిడ వచ్చి, మనిషిని పశువులా కట్టేస్తావా అని నలుగురిలో కడిగేసింది. సరే, ఇవాళ కట్టెయ్యకుండా పనికి పోయాడు. రెండింటికి వచ్చేసరికి ఇదీ సంగతి.

కుడుతూ కుడుతూ ఆమె అడిగింది. "ఈ కోప్పడకండి అనేది ఎందుకు రాశారు? దారినపోయేవాళ్లు కోప్పడతారనా?"

"దారినపోయేవాళ్లకేం పట్టిందమ్మా. అది నాకు నేను రాసుకున్నాను" అన్నాడు. "రోజూ కోటు తొడిగేటప్పుడు కాలరు తిప్పుతాను కదా, కంటపడుతుంది. పడ్డ రోజు ఒక అరుపు తగ్గుతుంది."

లోపల పెద్దాయన పత్రికలో ఏదో పైకి చదువుకుంటున్నాడు. అల్లుడు తన కాళ్లకున్న రెండు రకాల చెప్పుల వంక చూసుకుంటూ, గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

"ఇందాక పోస్టాఫీసు వెనక సందులో వెతుకుతుంటే ఒక ఆలోచన వచ్చింది చెల్లెమ్మా. దొరక్కపోతే ఇవాళ నిద్రపోవచ్చు కదా అని. వచ్చింది మరి. నేనేం చెయ్యను."

చిట్టీలమ్మ చివరి ముడి వేసింది. దారం పళ్లతో కొరికింది.

"మీకు మనసులో వచ్చింది. నేను ఆవిడ మొహం మీదే అన్నాను, ఆదివారంనాడు" అంది.

అతను అయ్యో అనలేదు, ఫరవాలేదనీ అనలేదు. తల ఊపాడంతే, టైమెంతయిందో ఎవరో చెబితే విన్నట్టు. ఆ తల ఊపడంతో ఆమెకు ఇన్నాళ్లకు ఊపిరి లోపలిదాకా వెళ్లింది. ఆమె కష్టంలో వీసమెత్తు తగ్గలేదు. రేపు పొద్దున్నే అదే గచ్చు, అదే తాళం. కాని ఇన్నాళ్లూ తనొక్కతే రాక్షసినని నమ్మింది, ఇప్పుడు పక్కన ఇంకొక రాక్షసుడు రెండు రకాల చెప్పులేసుకుని కూర్చున్నాడు. ఇతన్ని చూస్తే రాక్షసుడిలా లేడు. అలిసిపోయిన మనిషిలా ఉన్నాడు. తను కూడా చూసేవాళ్లకు అలాగే ఉంటుందేమో.

కోటు అతని చేతిలో పెట్టింది. అతను కాలరు ఎత్తి చూసి, నా కుట్టు కంటే మీది బాగుందన్నాడు. గోనెసంచులు కుట్టుకునేవాళ్లంతా మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి లెండి అంది ఆమె. ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వడానికి ఓపిక మాత్రం ఇద్దరిలోనూ సగం సగమే ఉంది.

"వెళ్లమ్మా, చీకటి పడిపోయింది. ఆవిడ భయపడుతూ ఉంటారు" అన్నాడతను. ఆ సంగతి ఆమె అతనికి చెప్పనే లేదు.

ఇంటికి చేరేసరికి ఏడుంబావు. తాళం తీస్తుంటే లోపల చప్పుడేమీ లేదు. చిట్టీలమ్మ తలుపు మెల్లగా తోసి, గోడ తడిమి లైటు వేసింది. అత్తగారు తలుపు పక్కనే గచ్చు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. తట్టీ తట్టీ అరచేతులు ఎర్రబడ్డాయి. వెలుగుకు కళ్లు చికిలించి పైకి చూసింది.

"ఎవరమ్మా నువ్వు?"

మామూలుగా అయితే, నేనే, మీ మాయదారి కోడల్ని, ఎన్నిసార్లు చెప్పాలి అని అరిచేది. ఇవాళ సంచీ కింద పెట్టి ఆవిడ పక్కనే గచ్చు మీద కూర్చుంది. ఎర్రబడ్డ చేతులను తన చేతుల్లోకి తీసుకుంది.

"మా కోడలు తాళం వేసి పోయిందమ్మా. ఇంకా రాలేదు" అంది అత్తగారు.

"ఇంకొకళ్లింట్లోనూ ఇంతేనట. అక్కడ అల్లుడు వేస్తాడట తాళం."

"అల్లుడా!" అని అత్తగారు నోరు తెరిచింది. కాసేపు ఆ విషయం గురించి ఆలోచించింది. అల్లుడు తాళం వేసే లోకం ఆవిడకు కొత్తగా ఉన్నట్టుంది. చివరికి, పాపం అంది. ఎవరు పాపమో చెప్పలేదు. తర్వాత చిట్టీలమ్మ వైపు కాస్త వంగి, రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించింది.

"మా కోడలు వస్తే పొద్దుపోయిందని కోప్పడకమ్మా. అది చాలా అలిసిపోయి వస్తుంది."

చిట్టీలమ్మ ఆ మొహంలోకి చూసింది. ఆవిడ ఆమెను గుర్తుపట్టలేదు, ఇక గుర్తుపట్టదు కూడా. ఆదివారం అన్న మాట గొంతులోంచి లేచి, కన్నీళ్లై కళ్లలోంచి పోయింది. మెడలోంచి తాళంచెవి తీసి పక్కన పెట్టింది.

"కోప్పడను అత్తయ్యా" అంది. "కాసేపు కూర్చుందాం. అది వచ్చేస్తుంది."